నలభై మూడో మెట్టు

వాల్పరైసో కొండల మీద
మా ఇళ్ళకు దారులుండవు, మెట్లుంటాయి.
మా వరసకి నూట పన్నెండు.
ఎవరో చెప్పిన లెక్క కాదిది.
పదిహేను కిలోల గ్యాస్ బండ భుజానేసుకుని
ఇరవై రెండేళ్ళుగా
నా మోకాళ్ళు అప్పజెబుతున్న ఎక్కం.

నలభై రెండు దాకా పర్వాలేదు.
నలభై మూడు లేదు.
ఏ వానకో కొట్టుకుపోయింది.
దాని చోట బురద, సీసా పెంకులు,
ఓ గోధుమరంగు కుక్క కాపురం.
ఎడంకాలు నలభై రెండు మీంచి లేచి
కుడికాలు నలభై నాలుగు మీద ఆనేలోపు
ఒక్క క్షణం
నేనూ బండా గాల్లో.

మునిసిపాలిటీలో మా ఫైలు ఉంది.
దానికో నంబరు, మూడు సంతకాలు.
నాలుగో సంతకం పెట్టాల్సినాయన
రిటైరయ్యాడట.

ఆ చలికాలం ఉబెర్లిందా పడింది.
ఫైర్‌మెన్ వచ్చారు. జీతాలు లేని వాలంటీర్లు,
పగలు రొట్టెలు కాల్చేవాళ్ళు, బస్సులు నడిపేవాళ్ళు.
స్ట్రెచర్ పట్టుకుని వాళ్ళూ అక్కడే ఆగారు,
నలభై నాలుగు మీద.
తుంటి విరిగిన మనిషి పడుకునే తిట్టింది:
"మొయ్యాల్సింది నన్ను కాదర్రా, ఇసకని!"

ఆ మాటకి మాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం.
పట్టింది. రెండు నెలలు శుభ్రంగా పట్టింది.
చేతికర్రతో తిరిగొచ్చి ఆమె
నలభై నాలుగు మీద కుర్చీ వేయించుకుంది.
దాటే ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలిచి
"ఏం తెచ్చావు?" అనేది.
గ్యాస్ బండ తెచ్చానన్నాను.
"అది అమ్మడానికి తెచ్చావు" అంది.

అలా కదిలింది.
ఇనప సామాన్ల కొట్టు యాస్నా
పన్నెండు సిమెంటు బస్తాలు అప్పిచ్చింది,
అప్పు అన్న మాట నెమ్మదిగా, రెండుసార్లు పలికి.
యూనివర్సిటీ నుంచి పిల్లలొచ్చారు,
మెట్లకి పియానో రంగులు వేద్దామన్నారు.
"ముందు కాలు ఆననివ్వండి నాయనా,
రాగం తర్వాత" అంది ఉబెర్లిందా.
వాళ్ళలో అమారో అనేవాడొక్కడు మిగిలాడు.
మూడు వానలు గొడుగు లేకుండా నిలబడి చూసి
చెప్పాడు:
ఈ మెట్టుని తిన్నది కాళ్ళు కాదు, నీళ్ళు.
కాలవ తియ్యాలి.

కాలవ బాల్దొమేరో గోడ పక్కనుంచి పోవాలి.
ఆయన వద్దన్నాడు.
ఫైర్ స్టేషన్ హాల్లో మూడు శనివారాలు
అరుపులు, ఓ కుర్చీ విరగడం,
రొట్టెల రోహెలియో ఎవరివైపో తేలకపోవడం.
నాలుగో శనివారం బాల్దొమేరో సరేనన్నాడు.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
ముందురోజు సాయంత్రం ఉబెర్లిందా
వాళ్ళింట్లో టీ తాగొచ్చిందని మాత్రం తెలుసు.

ఇసక కింద, పని పైన.
మెట్టుకో మనిషి నిలబడ్డాం.
పిండి వాసన పోని రోహెలియో బకెట్లు
చేతిలోంచి చేతిలోకి ఎక్కిపోతున్నాయి.
నాకు ఇరవై తొమ్మిదో మెట్టు ఇచ్చారు.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
నేను నిలబడి ఉన్నాను,
బరువు నడిచి వెళ్ళింది.
మధ్యాహ్నానికి నడుం పట్టేసింది,
కదలకుండా ఉండటం అలవాటు లేక.

అన్నీ అయిపోలేదు.
రెయిలింగు పైపు తొంభై ఒకటి దగ్గర అయిపోయింది,
ఆ పైన ఇంకా గోడే పట్టుకోవాలి.
యాస్నా అప్పు ఆరు బస్తాలు బాకీ.
మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ఫొటో తీసుకున్నారు,
ఫైలు మూసేశారట,
ఆ నాలుగో సంతకం ఎవరు పెట్టారో!

మెట్టు ఉంది ఇప్పుడు.
తడిసిమెంటు మీద కుక్క పాదాలు నాలుగు,
చెరిపెయ్యాలని ఎవరికీ తోచలేదు.
స్కూలు పిల్లలు ఊరికే
దాన్ని తొక్కుకుంటూ దిగిపోతారు.
నేను మాత్రం, బండ భుజాన ఉంటే,
నలభై రెండు మీంచి
ఇప్పటికీ ఎగురుతాను.
"కింద ఉందిరా, నిబాల్దో" అని
కుర్చీలోంచి నవ్వుతుంది ముసల్ది.
తెలుసు.
కాలికి ఇంకా చెప్పాలి.